స్మాల్ సెల్స్ మధ్య ఇంటర్‌ఫియరెన్స్‌ని మెషీన్ లెర్నింగ్‌తో తగ్గించడం ఎలా

ఆఫీసు అంతస్తులో తొమ్మిది స్మాల్ సెల్స్ (సీలింగ్‌కి బిగించే చిన్న మొబైల్ టవర్లు) ఉన్నాయి, ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, అయినా వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. ఇలాంటి చోట చాలాసార్లు అసలు ఇబ్బంది పక్క సెల్ నుంచి వస్తుంది, దాని సిగ్నల్ కూడా మీ సెల్ సిగ్నల్ అంత గట్టిగా ఉండి మీద పడుతుంటుంది, దీన్నే ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. పెద్ద టవర్లయితే మధ్యలో దూరం ఉంటుంది, యాంటెన్నా కాస్త కిందికి వంచి సర్దుకోవచ్చు. స్మాల్ సెల్స్ మాత్రం 20, 30 మీటర్ల ఎడంలో, ఒకే సీలింగ్ కింద, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంటాయి కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

దీనికి మెషీన్ లెర్నింగ్ పనికొస్తుందా అంటే బాగానే పనికొస్తుంది. కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మారకుండా ఉండే తప్పుల్ని ముందు చేత్తో సరిచేసి, గంటగంటకీ మారే భాగాన్ని మాత్రమే మోడల్‌కి అప్పగించాలి. రెండూ కలిపి ఒకేసారి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (చేసి చూసి, వచ్చే రివార్డుని బట్టి నేర్చుకునే పద్ధతి) మీద పడేస్తే, మోడల్ మీ వైరింగ్ తప్పుల చుట్టూ తిరగడం నేర్చుకుంటుంది తప్ప ఇంటర్‌ఫియరెన్స్ తగ్గదు.

మోడల్ జోలికి వెళ్లే ముందు

మొదట సింక్, అంటే సెల్స్ గడియారాలు కలిసి నడుస్తున్నాయో లేదో, చూడండి. 2300 మెగాహెర్ట్జ్‌లో నడిచే 4జీ, 3300 మెగాహెర్ట్జ్ పైన నడిచే 5జీ రెండూ టీడీడీ, అంటే అన్ని సెల్స్ ఒకే సమయంలో పంపాలి, ఒకే సమయంలో వినాలి. సెల్స్ మధ్య టైమింగ్ తేడా 3 మైక్రోసెకన్లు దాటకూడదని 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) నియమం. భవనం లోపల జీపీఎస్ సరిగా అందదు కాబట్టి మామూలుగా పీటీపీ (నెట్‌వర్క్ కేబుల్ మీద గడియారాలు కలిపే పద్ధతి) ద్వారా టైమింగ్ ఇస్తారు, మధ్యలో ఎక్కడో ఒక స్విచ్ పీటీపీ సపోర్ట్ లేనిదైతే చాలు, ఆ కొసనున్న సెల్ మెల్లగా జారిపోతుంది, అప్పుడు దాని డౌన్‌లింక్ (సెల్ నుంచి ఫోన్‌కి వెళ్లే సిగ్నల్) వెళ్లి పక్క సెల్ అప్‌లింక్ (ఫోన్ నుంచి సెల్‌కి వచ్చే సిగ్నల్) మీద పడుతుంది. ఫోన్ పంపే సిగ్నల్ అసలే బలహీనం, దాని మీద సీలింగ్‌లోంచి నేరుగా ఇంకో సెల్ అరిస్తే ఏం మిగులుతుంది? దీన్ని ఏ మోడలూ బాగు చేయలేదు. స్విచ్ మార్చాల్సిందే.

తర్వాత పీసీఐ ప్లాన్, పీసీఐ అంటే ఒక్కో సెల్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య. 4జీలో 504, 5జీలో 1008 పీసీఐలు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకండి, ఇక్కడ ముఖ్యమైనది 3తో భాగిస్తే వచ్చే శేషం. ఆ శేషం ఒకటే అయిన రెండు సెల్స్ పక్కపక్కన పడితే ఫోన్లు సెల్‌ని పసిగట్టే ప్రైమరీ సింక్ సిగ్నల్ ఒకటే అవుతుంది, 4జీలో రెండు యాంటెన్నా పోర్టులుంటే ఫోన్లు సిగ్నల్ కొలుచుకునే రిఫరెన్స్ సిగ్నల్స్ కూడా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. శేషాలు మూడే కాబట్టి తొమ్మిది సెల్స్‌లో పూర్తిగా తప్పించలేరు, కనీసం ఒకదానికొకటి గట్టిగా వినిపించే జంటల్ని విడదీయండి. ఇది మామూలు గ్రాఫ్ కలరింగ్ (పక్కపక్కవాటికి ఒకే రంగు పడకుండా రంగులేసే లెక్క), అరపూట పని.

పై అంతస్తుల్లో ఇంకో సమస్య ఉంటుంది, హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఎత్తైన గాజు భవనాల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఆ ఎత్తులో దూరంగా ఉన్న టవర్లు కూడా నేరుగా కనిపిస్తాయి, ఏ ఒక్కటీ బలంగా ఉండదు, అన్నీ కలిసి గోల చేస్తాయి. బయటి టవర్‌కీ లోపలి స్మాల్ సెల్‌కీ ఒకే క్యారియర్ (ఒకే ఫ్రీక్వెన్సీ ముక్క) ఇచ్చి ఉంటే, వేరే క్యారియర్ ఇవ్వగలరేమో ముందు అడగండి. కుదరకపోతే 3జీపీపీ రిలీజ్ 10లో వచ్చిన ఈఐసీఐసీ ఉంది, అందులో పెద్ద టవర్ కొన్ని సబ్‌ఫ్రేములని (చిన్న చిన్న సమయ ముక్కల్ని) దాదాపు ఖాళీగా వదిలేస్తుంది, ఆ ఖాళీలో స్మాల్ సెల్ తన అంచున ఉన్న యూజర్లకి డేటా పంపుకుంటుంది. ఎన్ని సబ్‌ఫ్రేములు ఖాళీ వదలాలన్నది లోడ్‌ని బట్టి మారాలి కాబట్టి మోడల్‌కి అది మంచి పనే, కానీ టవర్ మీ చేతిలో లేకపోతే ఆ మాట పక్కన పెట్టి స్మాల్ సెల్స్ పవర్ మీదే దృష్టి పెట్టండి. ఇక్కడి నుంచి నేను చెప్పేది అదే.

ఒక్క బల్ల దగ్గర లెక్క

కోడ్ రాసేముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూడండి, మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది.

కిటికీ దగ్గర ఒక బల్ల ఉందనుకుందాం. అక్కడి ఫోన్‌కి సొంత సెల్ 'ఏ' నుంచి ఆర్ఎస్ఆర్‌పీ, అంటే ఫోన్‌కి అందే రిఫరెన్స్ సిగ్నల్ బలం, మైనస్ 85 డీబీఎం వస్తోంది. పక్క సెల్ బి నుంచి మైనస్ 90, సి నుంచి మైనస్ 93. డీబీలని నేరుగా కూడకూడదు, మిల్లీవాట్లలోకి మార్చి కూడి మళ్లీ డీబీఎంకి తెస్తే, బి, సి రెండూ కలిపి సుమారు మైనస్ 88.2 అవుతుంది. 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌కి (క్యారియర్‌లో ఒక సన్నటి ముక్క) నాయిస్, రిసీవర్ నాయిస్ ఫిగర్ (రిసీవర్ తనంతట కలిపే నాయిస్) 7 డీబీ వేసుకున్నా మైనస్ 125 దగ్గర ఉంటుంది, అంటే దాన్ని వదిలేయొచ్చు. ఎస్ఐఎన్ఆర్, అంటే ఇంటర్‌ఫియరెన్స్, నాయిస్ కలిపిన దానికంటే సొంత సిగ్నల్ ఎంత ఎక్కువుందో చెప్పే కొలత, సుమారు 3.2 డీబీ. ఆ ఎస్ఐఎన్ఆర్‌తో గరిష్ఠంగా ఎంత డేటా వెళ్లగలదో చెప్పే షానన్ ఫార్ములాలో పెడితే ఒక్కో హెర్ట్జ్‌కి సెకనుకి 1.63 బిట్లు.

ఇప్పుడు సెల్ బి పవర్‌ని 3 డీబీ తగ్గించండి. బి కూడా మైనస్ 93కి దిగుతుంది, రెండూ కలిపి మైనస్ 90, ఎస్ఐఎన్ఆర్ 5 డీబీ, రేటు 2.05 బిట్లు. బల్ల దగ్గరి మనిషికి 25 శాతం పైగా లాభం. మరి సెల్ బి కింద కూర్చున్న మనిషి సంగతి? అతనికి ముందు 20 డీబీ ఉంటే 17కి దిగుతుంది, 6.66 బిట్లు కాస్తా 5.68 అవుతాయి. అంటే ఒకరు 0.42 సంపాదిస్తే ఇంకొకరు 0.98 పోగొట్టుకున్నారు!

మొత్తం త్రూపుట్ (అందరికీ కలిపి డేటా వేగం) పెంచమని మోడల్‌కి చెప్తే అది ఈ మార్పు ఎప్పటికీ చేయదు, బల్ల దగ్గరి మనిషిని అలాగే వదిలేస్తుంది. అదే ఒక్కో యూజర్ రేటుకి లాగరిథం తీసి వాటిని కూడితే, అతని వాటా 0.229 పెరుగుతుంది, బి దగ్గరి మనిషిది 0.160 తగ్గుతుంది, నికరంగా లాభమే. అందుకే లక్ష్యం ఎప్పుడూ లాగ్ రేట్ల మొత్తంగా పెట్టండి. పైగా బి దగ్గరి మనిషి సెల్ కిందే కూర్చుని 30 డీబీ మీద ఉంటే, ఫోన్ వేగం 64 క్వామ్ అనే పద్ధతి దగ్గరే ఆగిపోయేదైతే, 3 డీబీ పోయినా అతనికి తేడానే తెలియదు. ఇలా ఎవరికీ ఉపయోగపడకుండా వృథాగా పోతున్న పవర్‌ని వెతికి తగ్గించడమే ఈ మొత్తం పని. మోడల్ ఎంత గొప్పదైనా చేసేది ఇంతే.

డేటా ఎక్కడినుంచి, ఎలా

రెండు రకాలు కావాలి. ఒకటి, సెల్ కౌంటర్లు: పీఆర్‌బీ వాడకం (సెల్ సామర్థ్యంలో ఎంత నిండింది), యాక్టివ్ యూజర్ల సంఖ్య, సీక్యూఐ (ఫోన్ చెప్పే సిగ్నల్ నాణ్యత) పంపిణీ, బ్లాక్ ఎర్రర్ రేటు, హ్యాండోవర్లు (ఫోన్ ఒక సెల్ నుంచి ఇంకోదానికి మారడాలు), కాల్ డ్రాప్స్. చాలా సిస్టమ్స్‌లో ఇవి 15 నిమిషాలకోసారి వస్తాయి, మన పనికి అది చాలు. రెండోది, ఫోన్లు పంపే మెజర్‌మెంట్ రిపోర్టులు: సొంత సెల్, పక్క సెల్స్ ఆర్ఎస్ఆర్‌పీలు. వాటిలో యూజర్‌ని గుర్తుపట్టే వివరం ఏదున్నా స్టోర్ చేసేముందే తీసేయండి, మీకు కావాల్సింది ఏ చోట ఏ సెల్ ఎంత వినిపిస్తోందన్నదే, ఎవరికి అన్నది అక్కర్లేదు.

రిపోర్టుల్లో ఒక లోపం ఉంటుంది, గమనించుకోండి. హ్యాండోవర్ ఈవెంట్ల వల్ల వచ్చే రిపోర్టులు ఎక్కువగా సెల్ అంచుల్లోనే పుడతాయి, సెల్ కింద హాయిగా కూర్చున్నవాళ్లు ఏమీ పంపరు. వాటినే నమ్ముకుంటే అంతస్తంతా అంచే అనిపిస్తుంది. వీలైతే పీరియాడిక్ రిపోర్టింగ్ పెట్టండి, కనీసం వారంలో కొన్ని గంటలైనా.

ఇక చాలామంది పట్టించుకోని విషయం. మీ దగ్గర ఆరు నెలల డేటా ఉన్నా, ఆ ఆరు నెలలూ సెల్ పవర్ ఒక్కసారి కూడా మారకపోతే, పవర్ మారిస్తే ఏమవుతుందో ఆ డేటాలో ఎక్కడా లేదు. అలాంటి డేటా మీద ఎంత లోతైన నెట్‌వర్క్ ట్రెయిన్ చేసినా పవర్ అనే ఫీచర్ ఒక స్థిర సంఖ్యే. దీనికి రెండు పరిష్కారాలు కలిపి వాడాలి.

మొదటిది, తెలిసిన ఫిజిక్స్‌ని మోడల్‌తో మళ్లీ నేర్పించకండి. సెల్ ఎంత పవర్‌తో పంపుతోందో మీకు తెలుసు, ఫోన్‌కి ఎంత అందిందో రిపోర్ట్‌లో ఉంది, తీసేస్తే పాత్ లాస్, అంటే దారిలో పోయిన సిగ్నల్, వచ్చేస్తుంది. ఒక్కో రిపోర్ట్‌కి తొమ్మిది సెల్స్ పాత్ లాస్‌లు వరుసగా పెట్టుకుంటే మాట్రిక్స్ తయారు, ఇక ఏ సెల్ పవర్ మారిస్తే ఏ బల్ల దగ్గర ఎస్ఐఎన్ఆర్ ఎంత మారుతుందో పైన వేసిన లెక్కే చెప్తుంది. రెండోది, లెక్కకి అందని భాగం కోసం, అంటే పవర్ తగ్గితే ఎవరు పక్క సెల్‌కి మారిపోతారు, అక్కడ లోడ్ ఎంత పెరుగుతుంది వంటి వాటికోసం, కావాలని చిన్న చిన్న మార్పులు చేసి చూడాలి. రద్దీ మరీ ఎక్కువ లేని పని గంటల్లో, లాటరీ పద్ధతిలో ఒక సెల్‌ని ఎంచుకుని, 1 లేదా 2 డీబీ పెంచో తగ్గించో 15 నిమిషాలు ఉంచి వెనక్కి తెచ్చేయండి. అర్ధరాత్రి చేస్తే లాభం లేదు, అంతస్తులో మనుషులుండరు. ఒకేసారి పక్కపక్క సెల్స్ రెండింటినీ కదపకండి, ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు.

మోడల్: చిన్నదానితో మొదలుపెట్టండి

మొదటి మోడల్ లోడ్ అంచనా. వచ్చే 15 నిమిషాల్లో ఒక్కో సెల్‌లో పీఆర్‌బీ వాడకం ఎంత ఉంటుంది అన్నది చెప్పాలి. ఎందుకంటే పక్క సెల్ ఖాళీగా ఉంటే దాని డేటా చానెల్ నుంచి పెద్దగా ఇంటర్‌ఫియరెన్స్ రాదు, నిండుగా ఉంటే మొత్తం పడుతుంది. మధ్యాహ్నం 1 గంటకి వర్క్‌స్టేషన్ల సెల్స్ ఖాళీ అయి కెఫెటీరియా సెల్ నిండిపోవడం, 2 దాటాక మళ్లీ తిరగబడటం, శుక్రవారం సగం మంది ఇంటి నుంచి పనిచేయడం, ఇవన్నీ నేర్చుకోడానికి లైట్‌జీబీఎం లాంటి ట్రీ మోడల్ చాలు. ఫీచర్లుగా గత గంటలోని నాలుగు విలువలు, పోయిన వారం ఇదే రోజు ఇదే సమయం విలువ, ఇవాళ వారంలో ఏ రోజు, సెలవు దినమా కాదా, పక్క సెల్స్ లోడ్ ఇవ్వండి. పోల్చుకోడానికి 'పోయిన వారం ఇదే సమయంలో ఎంతో ఇప్పుడూ అంతే' అనే ముతక అంచనా పక్కన పెట్టుకోండి, మోడల్ దాన్ని ఓడించలేకపోతే మోడల్ వద్దు. ట్రెయినింగ్, టెస్ట్ డేటాని తేదీల వారీగా విడగొట్టండి. రోజులన్నీ కలగాపులగం చేసి విడగొడితే 10:15 విలువ ట్రెయినింగ్‌లో, 10:30 విలువ టెస్ట్‌లో పడి, మోడల్ చాలా బాగున్నట్టు కనిపిస్తుంది. ఫీల్డ్‌లో పెట్టాక బోర్లా పడుతుంది.

లోడ్ అంచనా, పాత్ లాస్ మాట్రిక్స్ చేతిలో ఉంటే పవర్ ఎంపిక మామూలు ఆప్టిమైజేషన్. ఒక్కో సెల్‌కి ఐదు పవర్ లెవెల్స్ అనుకుంటే తొమ్మిది సెల్స్‌కి 19,53,125 కాంబినేషన్లు, 15 నిమిషాల వ్యవధిలో అన్నీ లెక్కవేసి చూడటం ఒక మంచి కంప్యూటర్‌కి పెద్ద కష్టం కాదు. అంత కూడా అక్కర్లేదు, ఒక్కో సెల్‌ని వరుసగా తీసుకుని మిగతావాటిని కదపకుండా దానికి మంచి లెవెల్ వెతికి, నాలుగైదు రౌండ్లు తిరిగితే సరిపోతుంది. ఇంత చిన్న నెట్‌వర్క్‌కి డీప్ లెర్నింగ్ పెట్టాలన్న తొందర నాకు అర్థం కాదు.

సెల్స్ వందల్లోకి వెళ్తే, లేదా నిర్ణయం మిల్లీసెకన్లలో కావాలంటే అప్పుడు కథ వేరు. 2011లో వచ్చిన డబ్ల్యూఎంఎంఎస్ఈ అల్గారిదమ్ పవర్ కేటాయింపుకి మంచి సమాధానాలు ఇస్తుంది కానీ ప్రతిసారీ చాలా ఇటరేషన్లు తిరగాలి. దాన్ని సిమ్యులేటర్‌లో గురువుగా పెట్టి, దాని సమాధానాలని న్యూరల్ నెట్‌వర్క్‌తో నేర్పిస్తే, నెట్‌వర్క్ ఒక్క పాస్‌లో దగ్గరి జవాబు ఇచ్చేస్తుంది. ఇక్కడ గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్ ఎంచుకోండి, సెల్స్ నోడ్లు, వాటి మధ్య ఇంటర్‌ఫియరెన్స్ ఎడ్జ్‌లు. మామూలు నెట్‌వర్క్ అయితే పదో సెల్ వచ్చిన రోజే ఇన్‌పుట్ సైజు మారి మొదటికొస్తుంది, గ్రాఫ్ నెట్‌వర్క్‌కి ఆ బాధ లేదు.

రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ కావాలంటే చివర్లో, ఆప్టిమైజర్ చెప్పిన పవర్‌కి అటూఇటూ 1 డీబీ సర్దే పనికి మాత్రమే వాడండి. కాంటెక్స్చువల్ బాండిట్ చాలు, అంటే అప్పటి పరిస్థితి చూసి ఒక ఎంపిక చేసి, వచ్చిన ఫలితంతో నేర్చుకునే తేలిక పద్ధతి. ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త: ప్రతి సెల్‌కీ తన యూజర్ల రేటునే రివార్డుగా ఇస్తే, ప్రతి సెల్‌కీ పవర్ పెంచడమే లాభంగా కనిపిస్తుంది, పక్కది పెంచింది కాబట్టి ఇదీ పెంచుతుంది, కొన్నాళ్లకి అన్నీ ఫుల్ పవర్ మీద ఆగుతాయి, మీరు మొదలుపెట్టిన చోటే. అందుకని రివార్డులో తన యూజర్లతో పాటు తన గోల ఎక్కువగా వినిపించే మూడు నాలుగు పక్క సెల్స్ యూజర్ల లాగ్ రేట్లు కూడా కలపాలి. ఇంకోటి, పక్కపక్క సెల్స్ ఒకేసారి నిర్ణయం మార్చుకుంటే ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి పెరిగి, మళ్లీ తిరగబడి, ఊయల ఊగినట్టు ఊగుతుంటాయి. సెల్స్‌ని మూడు గుంపులు చేసి, ఒక్కో విడతలో ఒక గుంపుకే మార్చే అవకాశం ఇవ్వండి.

4జీలో అదనంగా ఒక లాభం ఉంది. యూజర్లు లేకపోయినా 4జీ సెల్ రిఫరెన్స్ సిగ్నల్స్ పంపుతూనే ఉంటుంది, కాబట్టి ఖాళీ సెల్ కూడా పక్కవాళ్లని ఇబ్బంది పెడుతుంది. లోడ్ అంచనా నమ్మకంగా ఉంటే రాత్రిపూట, వారాంతాల్లో కొన్ని సెల్స్‌ని పూర్తిగా పడుకోబెట్టొచ్చు, కరెంటు కూడా మిగులుతుంది. 5జీలో ఆ ఎప్పుడూ మోగే రిఫరెన్స్ సిగ్నల్ తీసేశారు కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ పరంగా ఈ లాభం తక్కువ.

లైవ్‌లో పెట్టేటప్పుడు

మోడల్ ఏం చెప్పినా దాటకూడని గీతలు మోడల్ బయట, మామూలు కోడ్‌లో రాసిపెట్టండి. ఒక విడతలో 1 డీబీకి మించి మార్పు ఉండకూడదు. అంతస్తులో ఏ మూల కూడా, మెట్ల దారి, లిఫ్ట్ ముందు చోటు సహా, మీరు పెట్టుకున్న కనీస ఆర్ఎస్ఆర్‌పీ కిందికి పోకూడదు, 112కి కాల్ కలవకపోతే ఏ త్రూపుట్ లాభమూ దానికి సరిపోదు. కాల్ డ్రాప్స్ మామూలు కంటే పెరిగినా, ఏదైనా సెల్ డౌన్ అయినా, కౌంటర్లు రావడం ఆగినా, వెంటనే పాత స్థిర పవర్‌కి వెళ్లిపోవాలి. పక్క సెల్ ఆగిపోయినప్పుడు మిగతావి తగ్గించిన పవర్ మీదే ఉండిపోతే కవరేజ్‌లో కంత పడుతుంది.

పవర్ అన్నప్పుడు ఏ పవరో స్పష్టంగా ఉండాలి. రిఫరెన్స్ సిగ్నల్ పవర్ తగ్గిస్తే సెల్ హద్దే కుంచించుకుపోతుంది, యూజర్లు పక్క సెల్‌కి వెళ్లిపోతారు. డేటా చానెల్ పవర్ ఒక్కటే తగ్గిస్తే హద్దు అలాగే ఉంటుంది. రెండూ ఒకే నాబ్ అనుకుని రాసిన కోడ్‌తో హ్యాండోవర్ల తలనొప్పి మొదలవుతుంది.

ఎక్కడ నడపాలి అంటే, ఓపెన్‌రాన్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా చేసిన రేడియో నెట్‌వర్క్) సెటప్ ఉంటే 15 నిమిషాల పనికి నాన్ రియల్‌టైమ్ రిక్‌లో (రిక్ అంటే ఆ నెట్‌వర్క్‌ని నడిపే కంట్రోలర్) ఒక ఆర్‌యాప్ సరిపోతుంది, అది 1 సెకను కంటే నెమ్మదిగా జరిగే పనులకోసమే ఉంది. 10 మిల్లీసెకన్ల నుంచి 1 సెకను లోపు నిర్ణయాలకి నియర్ రియల్‌టైమ్ రిక్, ఎక్స్‌యాప్. ఓపెన్‌రాన్ లేకపోతే కౌంటర్లు చదివి మేనేజ్‌మెంట్ సిస్టమ్ ద్వారా పవర్ రాసే స్క్రిప్ట్ కూడా అదే పని చేస్తుంది.

చేతిలో నెట్‌వర్క్ లేని విద్యార్థులు ఎన్ఎస్-3 సిమ్యులేటర్, దాని మీద నడిచే 5జీ-లెనా మాడ్యూల్‌తో ఇదంతా ఇంట్లోనే చేయొచ్చు, రెండూ ఉచితం. ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) కొని లైసెన్స్ ఉన్న బ్యాండ్‌లో గాల్లోకి పంపొద్దు, అది చట్టవిరుద్ధం, పైగా మీ వీధిలోవాళ్ల ఫోన్ల మీద ప్రభావం పడుతుంది. కేబుల్, అటెన్యుయేటర్ల (సిగ్నల్‌ని తగ్గించే పరికరాల) మీద చేసుకోండి.

ఫలితం కొలిచే పద్ధతి కూడా మామూలు ఏ/బీ టెస్ట్ లాంటిది కాదు. సగం సెల్స్‌కి మోడల్ పెట్టి సగానికి పెట్టకపోతే, పెట్టిన సెల్ తగ్గించిన గోల లాభం పెట్టని సెల్‌కి కూడా అందుతుంది, తేడా తక్కువగా కనిపిస్తుంది. అంతస్తు మొత్తానికి ఒకరోజు మోడల్ పెట్టి, ఒకరోజు తీసేసి, వారాలు మారేకొద్దీ ఏ వారం ఏ రోజు ఆన్ అన్నది కూడా మార్చి పోల్చండి. చూడాల్సింది సగటు కాదు, అడుగున ఉన్న 5 శాతం యూజర్ల త్రూపుట్. దాంతోపాటు కాల్ డ్రాప్స్, హ్యాండోవర్ ఫెయిల్యూర్లు పెరగలేదని కూడా చూడాలి.

ఆఫీసులో పార్టిషన్లు కదిపినా, గాజు గోడ కట్టినా, కొత్త టీం వచ్చి ఖాళీ మూల నిండినా పాత్ లాస్ మాట్రిక్స్ పాతబడిపోతుంది. అంచనా వేసిన ఎస్ఐఎన్ఆర్‌కీ, ఫోన్లు పంపే సీక్యూఐకీ మధ్య తేడాని రోజూ ఒక గ్రాఫ్‌గా గీసి ఉంచుకోండి, ఆ గీత రెండు మూడు రోజులు వరసగా పైకి పోతుంటే మోడల్‌ని ఆపి, పీరియాడిక్ రిపోర్టులు మళ్లీ ఆన్ చేసి, మాట్రిక్స్ కొత్తగా కట్టి, ఆ 1, 2 డీబీ మార్పులు మళ్లీ మొదలుపెట్టండి.